యూనిఫాం కాగితంలో ఆ రెండు మాటలు తీసేయండి: పాఠశాల విద్యాశాఖకు ఒక పీఈటీ బహిరంగ లేఖ

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ సంచాలకుల గారికి,
హైదరాబాద్‌లోని ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలకు,

నమస్కారం.

బడిలో కొత్తగా చేరిన ప్రతి బిడ్డ తల్లిదండ్రుల చేతిలో ఒక కాగితం పెడతారు. అందులో రెండు గడులుంటాయి. బాయ్స్ అన్న గడిలో చొక్కా, నిక్కరు లేదా ప్యాంటు, బెల్టు, లేసుల నల్ల షూస్. గర్ల్స్ అన్న గడిలో చొక్కా, స్కర్టు, రెండు జడలకు రిబ్బన్లు, బకుల్ ఉన్న నల్ల షూస్. పెద్ద క్లాసులకొస్తే పంజాబీ డ్రెస్, చున్నీ. ఆ గడుల నెత్తిన ఉన్న రెండు మాటలు తీసేయమని అడగడానికే ఈ ఉత్తరం. వస్తువుల పేర్లన్నీ ఉండనివ్వండి. ఏ బిడ్డకు ఏది కావాలో ఆ ఇంటివాళ్లు చూసుకుంటారు. షూస్ మాత్రం అందరికీ ఒకే రకం పెట్టండి. నేను అడిగేది ఇంతే.

నేను ఈ ఊళ్లో ఇరవై ఏళ్లకు పైగా పీఈటీగా, అంటే వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. చేసింది ప్రైవేటు బళ్లలోనే అయినా, స్కూల్ గేమ్స్ జోనల్ పోటీలకు పిల్లల్ని తీసుకెళ్తుంటాను కాబట్టి సర్కారు బళ్ల పిల్లలూ నాకు తెలుసు. పిల్లల బట్టల గురించి లెక్కల సార్‌కి, తెలుగు మేడమ్‌కి కనపడనివి మాకు కనపడతాయి. వాళ్ల దగ్గర పిల్లలు కూర్చుంటారు, మా దగ్గర ఉరుకుతారు.

ఖో-ఖో తీసుకోండి. తరిమే జట్టులో ఎనిమిది మంది వరసగా గళ్లలో కూర్చుంటారు, ఒకరు ఇటు తిరిగి, ఒకరు అటు తిరిగి. వీపు మీద చెయ్యి పడి ‘ఖో’ వినపడగానే లేచి దూకాలి. అలా దూకాలంటే చేతులు రెండూ నేలకు ఆనించి ఉంచుకోవాలి. స్కర్టు వేసుకున్న పిల్ల ఒక చెయ్యే ఆనిస్తుంది. రెండో చెయ్యి స్కర్టు అంచును మోకాళ్ల దగ్గర పట్టుకొని ఉంటుంది. అలా పట్టుకోమని నేనెప్పుడూ నేర్పలేదు. ఎవరూ నేర్పక్కర్లేదు కూడా, మూడో క్లాసుకొచ్చేసరికి అదే వచ్చేస్తుంది. లాంగ్ జంప్‌లో మగపిల్లాడు ఇసకలో పడగానే వెనక్కి తిరిగి ఎంత దూరం దూకానా అని చూసుకుంటాడు. ఆడపిల్ల ముందు స్కర్టు సర్దుకుంటుంది, ఆ తర్వాతే దూరం.

“లోపల స్లాక్స్ వేసుకోవచ్చు కదా మేడమ్” అంటారు. వేసుకుంటున్నారు. హైదరాబాద్ ఎండల్లో ఒకదాని మీద ఒకటి వేసుకొని, దానికి ఇంట్లో వేరే డబ్బులు పెట్టించి మరీ వేసుకుంటున్నారు. ఆ స్లాక్స్‌నే కాస్త గట్టి బట్టతో, జేబులతో కుట్టి నిక్కరు అని పిలిస్తే పైన స్కర్టు ఎందుకో నాకు అర్థం కాదు. గమ్మత్తేమిటంటే ఇంత చెబుతున్న నేను గ్రౌండ్‌లోకి ట్రాక్ ప్యాంటు, స్పోర్ట్స్ షూస్‌తోనే వస్తాను. నాకు ఒప్పుకున్న యాజమాన్యం తొమ్మిదేళ్ల పిల్లకు ఒప్పుకోదు.

షూస్ దగ్గరికి వద్దాం. నా అసలు కోపం అక్కడే ఉంది.

జూన్ మొదట్లో సుల్తాన్ బజార్‌కో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌కో, అమీర్‌పేటకో వెళ్లి స్కూల్ షూస్ కావాలని అడగండి. కొట్టబ్బాయి సైజు అడగడు. “బాబుకా, పాపకా?” అంటాడు. బాబుకంటే తెచ్చేవి పాదం పైభాగమంతా కప్పేసేవి, మడమ దగ్గర గట్టిగా దన్ను ఉండేవి, అడుగున గాడులున్న మందమైన సోల్‌వి. లేసులో వెల్క్రోనో బిగించి కట్టుకోవచ్చు. పాపకంటే తెచ్చేవాటిలో పాదం సగం పైకి కనపడుతూ ఉంటుంది. సోల్ పల్చన, అడుగు నున్నన. ఒంటి పట్టీ, చిన్న బకుల్, కొన్నిటి మీద ఒక బో. రెండు జతలూ నలుపే. రెండూ వెళ్లేది ఒకే బడికి, దిగేది ఒకే వాననీళ్లలోకి.

వానాకాలంలో మా వరండా చూడాలి మీరు. షాబాద్ బండలు తడిస్తే ఎలా ఉంటాయో హైదరాబాద్ వాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే మగపిల్లలు ఆ బండల మీదుగానే ఉరుకుతారు, ఆడపిల్లలు గోడ పట్టుకొని నడుస్తారు. వాళ్లకు భయం ఎక్కువని టీచర్లే అంటుంటారు. భయమేమీ కాదు, అడుగున పట్టు లేదు. పరుగు పందెం పెట్టానంటే ఆ ఒంటి పట్టీ షూలోంచి మడమ జారిపోతుంది. సగం మంది షూస్ విప్పేసి సాక్స్‌తోనో, ఉత్త కాళ్లతోనో పరుగెడతారు. రాళ్లూ రప్పలూ ఉన్న గ్రౌండ్‌లో అలా పరుగెత్తించకూడదని నాకు తెలుసు. కానీ ఆ షూస్‌తో పరుగెత్తించడం ఇంకా ప్రమాదం. బకుల్ ముల్లు దూరే రంధ్రం దసరా సెలవులకు ముందే చిరిగిపోతుంది. ఇంట్లో సేఫ్టీ పిన్ను పెట్టి పంపిస్తారు. పాదం పైన సేఫ్టీ పిన్ను! ఆరేడేళ్ల ఆడపిల్ల పాదానికీ, అదే వయసు మగపిల్లాడి పాదానికీ వేరే సోల్ కావాల్సినంత తేడా ఏముంది?

ఒక తండ్రి ఇదంతా గమనించి కూతురికి వెల్క్రో షూస్ కొన్నాడు. నలుపే, పాలిష్ పెట్టేవే. మర్నాడు డైరీలో రాసి పంపించారు, “బాయ్స్ మోడల్, మార్చవలెను” అని. ఆ బడి పేరు చెప్పను. ఆ ఒక్క బడినే అనడం న్యాయమూ కాదు, అలాంటి డైరీలు ఈ ఊళ్లో చాలానే తిరుగుతున్నాయి.

ఈ గొడవ మన దగ్గరే ఉందనుకోకండి. బ్రిటన్‌లో స్కూల్ షూస్‌కు పేరున్న క్లార్క్స్ కంపెనీ 2017లో ఆడపిల్లల జతకు ‘డాలీ బేబ్’ అనీ, మగపిల్లల జతకు ‘లీడర్’ అనీ పేర్లు పెట్టింది. వాటిలోపల అట్ట మీద ఆడపిల్లలకు హృదయం బొమ్మలు, మగపిల్లలకు ఫుట్‌బాల్ బొమ్మలు. తల్లిదండ్రులు తిరగబడ్డారు. కంపెనీ క్షమాపణ చెప్పి డాలీ బేబ్‌ని వెనక్కి తీసుకుంది. పేర్ల గోల అలా ఉంచండి. అక్కడి తల్లిదండ్రులు అడిగిన వాటిలో మరో మాట ఉంది, ఆడపిల్లల షూస్ ఎందుకు గట్టిగా ఉండవు, ఎందుకు వాననీళ్లకు ఆగవు అని. నేనూ అదే అడుగుతున్నాను. బో ఉంటే ఉండనివ్వండి, బో నచ్చే పిల్లలున్నారు. సోల్‌లో మాత్రం కోత పెట్టకండి.

జేబు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మగపిల్లల ప్యాంటుకు రెండు జేబులు, చొక్కాకొకటి. స్కర్టుకు, పంజాబీ డ్రెస్‌కు చాలాచోట్ల ఒక్కటీ ఉండదు. చేతిరుమాలు పిన్నుతో గుచ్చుకుంటారు. ఏడో క్లాసు దాటిన పిల్ల ప్యాడ్ మార్చుకోవడానికి వెళ్లాలంటే బ్యాగు మొత్తం భుజాన వేసుకొని బాత్రూమ్‌కు నడవాలి. క్లాసంతా చూస్తుంది. జేబుకు పట్టేది జానెడు బట్ట.

అదే పిల్లకు శనివారం తెల్ల డ్రెస్. కొన్ని బళ్లలో బుధవారం కూడా. తెల్ల స్కర్టు, తెల్ల షూస్, డ్రిల్లు. “కడుపు నొప్పి మేడమ్, కూర్చుంటాను” అని వచ్చే పిల్లలు మిగతా రోజుల్లో ఇద్దరో ముగ్గురో ఉంటే, తెల్ల డ్రెస్ రోజు ఒక వరసే ఉంటుంది. వాళ్లకు నొప్పి ఒక్కటే కాదు, మరక పడుతుందేమోనన్న టెన్షన్. తెల్లబట్టల నియమానికి పెట్టింది పేరైన వింబుల్డన్ టెన్నిస్ కూడా ఈ కారణంతోనే మెత్తబడి, 2023 నుంచి ఆడవాళ్లు లోపల ముదురు రంగు షార్ట్స్ వేసుకోవచ్చంది. అదే ఏడాది ఇంగ్లండ్ మహిళా ఫుట్‌బాల్ జట్టు తెల్ల షార్ట్స్ మానేసి నీలం రంగుకు మారింది. వింబుల్డన్ పట్టు సడలించింది గానీ మన బళ్ల శనివారం తెలుపు సడలలేదు. పీటీ డ్రెస్ కింది సగం నీలమో నలుపో చేస్తే పోయేదేమీ లేదు. బట్టలుతికే తల్లులు కూడా దండం పెడతారు.

“బట్టల వల్లే ఆడపిల్లలు ఆడరంటావా?” అని మా స్టాఫ్ రూమ్‌లో అడుగుతుంటారు. బట్టల వల్లే అని నేనను. ఇంటికి తొందరగా రమ్మంటారు, తమ్ముణ్ని చూసుకోమంటారు, నల్లబడతావంటారు. అవన్నీ ఉన్నాయి. కానీ 2024లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 135 దేశాల్లోని పది లక్షల మందికి పైగా పిల్లల వివరాలు పెట్టుకొని ఒక లెక్క తేల్చారు. పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది కదా, ఆ మేరకు కదిలే ప్రాథమిక తరగతుల పిల్లల్లో చాలా దేశాల్లో మగపిల్లలే ఎక్కువ. అయితే ఎక్కువ బళ్లలో యూనిఫాం తప్పనిసరి కాని దేశాల్లో ఆడా మగా మధ్య తేడా 5.5 శాతం పాయింట్లుంటే, తప్పనిసరిగా ఉన్న దేశాల్లో 9.8 ఉంది. యూనిఫామే కారణమని వాళ్లు తీర్పు ఇవ్వలేదు, రెంటికీ సంబంధం కనపడుతోందన్నారు. విజిల్ పట్టుకొని నిలబడి చూసే నాకు ఆ అంకెలు ఆశ్చర్యం కలిగించలేదు. యూనిఫాం ఎత్తేయమని కూడా నేననను. యూనిఫాం వల్ల కూలివాళ్ల బిడ్డా, కాంట్రాక్టర్ బిడ్డా ఒక్కలా కనపడతారు, అది చిన్న సంగతి కాదు. కానీ ఆడా మగా అందులో ఒక్కలా ఎందుకు కదలలేకపోతున్నారో చూడమంటున్నాను.

మగపిల్లలకు బాధ లేదనుకుంటే పొరపాటు. తిరుపతి మొక్కు ఉండి జుట్టు పెంచిన పిల్లాడు ప్రతి బడిలోనూ ఒకడుంటాడు. ఒకటో క్లాసులో వాడికి తోటిపిల్లలు పెట్టే పేరు మీకూ తెలుసు. పుట్టువెంట్రుకలు తీయించేదాకా వాడు ఇంటర్వెల్‌లో మా గది దగ్గరే తచ్చాడుతుంటాడు. పింక్ వాటర్ బాటిల్ తెచ్చుకున్నవాడిదీ అదే గతి. కూచిపూడి నేర్చుకునే ఎనిమిదో క్లాసు అబ్బాయి వార్షికోత్సవంలో బాగా చేశాడు. చప్పట్లు కొట్టిన మేడమ్ వాళ్లే మర్నాడు ఆటపట్టించారు. కాగితం మీద రెండు గడులు గీసింది మనం. గడి దాటినవాణ్ని వెక్కిరించాలని పిల్లలు దాన్ని చూసే నేర్చుకుంటారు.

ఇక సంప్రదాయం. ఇది వినకుండా ఏ పేరెంట్స్ మీటింగూ ముగియదు. స్కర్టు, టై, బకుల్ షూస్ మన తాతమ్మల సంప్రదాయమా? ఇంగ్లీషు దొరల కాలపు కాన్వెంట్ల నుంచి వచ్చినవి. మా అమ్మ హైస్కూల్‌కు లంగా ఓణీతో వెళ్లింది. తర్వాత పంజాబీ డ్రెస్ వచ్చినప్పుడు ఇళ్లలో ఎంత గొణుక్కున్నారో ఆ తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు అదే పంజాబీ డ్రెస్ పద్ధతైన బట్ట అయిపోయింది.

పాతబస్తీ నుంచి వచ్చే పిల్లల తల్లులు ఇంకో మాట అడుగుతారు, అది న్యాయమైన మాట. “మా అమ్మాయికి నిక్కరు వెయ్యమంటారా మేడమ్?” వద్దమ్మా. నేను అడిగేది ఆడపిల్లలందరికీ ప్యాంటు తొడగమని కాదు. కేరళలో జరిగింది చూశాం కదా. ఎర్నాకుళం జిల్లా వలయంచిరంగరలోని సర్కారు ఎల్పీ (లోయర్ ప్రైమరీ) స్కూల్ 2018లో పిల్లలందరికీ మోకాలి కింది దాకా ఉండే నిక్కరు, చొక్కా పెట్టింది. పిల్లలు హాయిగా అలవాటు పడ్డారు. 2021 డిసెంబరులో కోళికోడ్ జిల్లా బాలుస్సేరిలో ఆడపిల్లల హయ్యర్ సెకండరీకి ప్యాంటు, చొక్కా తెచ్చినప్పుడు మాత్రం ముస్లిం సంఘాలు ఆందోళన చేశాయి, మగపిల్లల బట్టల్ని ఆడపిల్లల మీద రుద్దుతున్నారన్నాయి. చివరికి 2022లో అక్కడి ప్రభుత్వం ఎవరి మీదా రుద్దబోమని చెప్పాల్సి వచ్చింది. అందుకే నా జాబితాలో స్కర్టూ ఉంటుంది, నిక్కరూ ఉంటుంది, ఫుల్ ప్యాంటు, పొడుగు కుర్తా, నిండు చేతుల చొక్కా, యూనిఫాం రంగు స్కార్ఫ్ అన్నీ ఉంటాయి. ఒకే రంగు, ఒకే బట్ట. ఎంచుకునేది ఇల్లు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2017లో ఒక పదకొండేళ్ల పాప విద్యామంత్రికి ఉత్తరం రాస్తే, ప్రభుత్వ బళ్లలో ఆడపిల్లలకు షార్ట్స్, ప్యాంటు కూడా వీలుగా ఉంచాలని నియమం మార్చారు. స్కర్టును అక్కడా నిషేధించలేదు.

ఆటల దాకా వస్తే మన ఊరికి ఇది కొత్త సంగతి కాకూడదు. 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య పెద్ద పోటీల్లో ఆడవాళ్లు స్కర్టుతోనే ఆడాలని నియమం పెట్టబోయింది, చూడ్డానికి బాగుంటుందని. గొడవై మరుసటి ఏడాది వదిలేసుకుంది. సైనా, సింధు లాంటి వాళ్లను తయారుచేసిన గచ్చిబౌలి బ్యాడ్మింటన్ అకాడమీ ఇక్కడే ఉంది. ఏది వేసుకోవాలో ఆడేవాళ్లే తేల్చుకోవాలన్న మాట ప్రపంచ పోటీల్లోనే చెల్లింది, మా మూడో క్లాసు ఖో-ఖోలో చెల్లదా? మన గురుకులం పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, పదమూడేళ్ల వయసులో. బకుల్ షూస్‌తో ఎక్కలేదు.

సంచాలకుల గారూ, సర్కారు బళ్లలో ఇది మీ చేతిలోనే ఉంది. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద ఏడాదికి రెండు జతలకు ఒక్కో బిడ్డకు 600 రూపాయలు లెక్క కడుతున్నారు. బట్ట సిరిసిల్ల మరమగ్గాల మీద నేస్తున్నారు, కుట్టుపని మహిళా సంఘాలకు ఇచ్చారు. ఆ అక్కలకు స్కర్టు కుట్టడం వచ్చు, నిక్కరు కుట్టడం వచ్చు, జేబు వేయడం ఇంకా బాగా వచ్చు. మారాల్సింది ఎన్ని జతలు కావాలో హెడ్మాస్టర్లు నింపి పంపే ఇండెంటు. బాలురు ఇంతమంది, బాలికలు ఇంతమంది అని కాకుండా, స్కర్టులు ఇన్ని, నిక్కర్లు ఇన్ని, కుర్తాలు ఇన్ని అని రాయించండి. కొలతలు తీసుకునే రోజే పిల్లల్ని అడిగితే సరిపోతుంది. జేబు కోసం కొంచెం బట్ట ఎక్కువ పట్టొచ్చు, అది పెట్టండి.

ప్రైవేటు యాజమాన్యాలకు ఒక మాట. దీన్ని సాకుగా పెట్టుకొని కొత్త డిజైన్ దించకండి. కొత్త డిజైన్ అంటే పాత జతలు తమ్ముడికీ చెల్లికీ పనికిరాకుండా పోవడం. బళ్లలోనే యూనిఫాంలు, షూస్ అమ్మకూడదని 2024లో హైదరాబాద్ జిల్లా విద్యాశాఖ ఉత్తర్వులిచ్చింది. అవి ఎంతవరకు అమలయ్యాయో మనందరికీ తెలుసు. ఇప్పుడున్న రంగులే, ఇప్పుడున్న బట్టే ఉంచండి. నిజానికి ఇలా చేస్తే తల్లిదండ్రులకు ఖర్చు తగ్గుతుంది. అక్క షూస్ తమ్ముడికి, అన్న నిక్కరు చెల్లికి వస్తాయి.

ఇక గడువు. షూస్ కొట్లవాళ్లు జూన్ సరుకు కోసం వేసవికి ముందే ఆర్డర్లు పెట్టుకుంటారు. బడి చెప్పిన మోడలే తెస్తారు, సొంతంగా మార్చరు. యూనిఫాం కాగితాలు అడ్మిషన్ల నాటికే అచ్చయిపోతాయి. కాబట్టి మీ సర్క్యులర్ సంక్రాంతి సెలవులు అవ్వగానే బళ్లకు చేరాలి. మే నెలలో వచ్చిందంటే ఇంకో ఏడాది పోయినట్టే. ఖో-ఖో, కబడ్డీ, పరుగుపందెం ఆడే పిల్లలకు ఏ సోల్ ఎంత మందం ఉండాలి, పీటీ నిక్కరు పొడుగు ఎంత ఉండాలి అన్నవి మా పీఈటీలను పిలిచి అడగండి. ఒక మధ్యాహ్నం చాలు, మా విజిళ్లు, టేపులు మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు,
హైదరాబాద్